మూడు నెలలు దాటాక కూడా భయమేనా?



కండోమ్ లేని కలయిక తర్వాత నాలుగు నెలలకు హెచ్‌ఐవీ పరీక్షలో నెగెటివ్ వచ్చిన యువకుడికి, ‘ఏడాదిపాటు పరీక్షలు చేయిస్తూనే ఉండండి’ అని గత వారం మీ ఆరోగ్య శీర్షికలో చెప్పారు. ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరైన నాకది మింగుడుపడలేదు. ల్యాబులో సిరంజితో రక్తం తీసి చేసే నాలుగో తరం పరీక్ష యాంటీజెన్‌నూ, యాంటీబాడీలనూ కలిపి చూస్తుంది. కలయిక జరిగి 45 రోజులు దాటాక అందులో నెగెటివ్ వస్తే నమ్మవచ్చు. వేలు గుచ్చి చేసే ర్యాపిడ్ టెస్టుకైతే 90 రోజులు ఆగాలి. ముప్పు ఎదురయ్యాక వైరస్ సోకకుండా ఇచ్చే పెప్ మందులు వాడినవారి లెక్క వేరు, వాళ్లు డాక్టరు చెప్పిన తేదీలే పాటించాలి. మిగతావారు, మధ్యలో మళ్లీ ముప్పేమీ లేకపోతే, ఇంకా సూదులు పొడిపించుకోవడం దేనికి?

నెగెటివ్ వచ్చినా కొందరు దద్దుర్లు, నీరసం చూసుకుని రాత్రంతా కుమిలిపోతుంటారు పాపం. లక్షణాలను బట్టి హెచ్‌ఐవీ తేలదు. ఆందోళనతోనూ నిద్ర, ఆకలి పోతాయి.

అసలు ముఖ్యమైన మాట మీరు వదిలేశారు. కలయిక జరిగిన 72 గంటల్లోపు, ఎంత త్వరగా వెళ్తే అంత మేలు, ఆసుపత్రికి చేరితే పెప్ మందులు మొదలుపెట్టి 28 రోజులు ఇస్తారు. ప్రభుత్వ ఐసీటీసీ (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష) కేంద్రాల్లో పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. వచ్చే సంచికలో కనీసం 1097 ఎయిడ్స్ హెల్ప్‌లైన్ నంబరైనా అచ్చువేయండి.

– ఒక పాఠకుడు, కాకినాడ