నిస్తంత్రి వార్తలు – నిలుపుదల యుత్తరువులు

దారిలో నున్న మనుజునకు వార్త ప్రాణముతో సమానము. ఈ సత్యమును లోకము 1912 వ సంవత్సరమున కన్నీటితో నేర్చుకొన్నది. టైటానిక్కు ఓడ మంచుకొండకు దాకి మునుగుచుండగా, దాని నిస్తంత్రి పిలుపు నాలకించి కార్పేథియా యను ఓడ పరుగున వచ్చి ఏడువందలకు మించిన ప్రాణములను గాచెను. అంతకు పూర్వమే, 1895 ప్రాంతమున, మన జగదీశచంద్ర బోసు కలకత్తా పురమందిరమున, తీగ యనునది లేకయే, గోడల కావల గంట మ్రోగించి చూపియుండెను.

ఆనాడు ఓడలకే దక్కిన యా శక్తి నేడు బాటసారి జేబులోనికి వచ్చినది. మన దేశమున మొదటి సెల్ ఫోను సంభాషణము 1995 జూలై 31 న జ్యోతి బసునకును, కేంద్రమంత్రి సుఖరామునకును నడుమ జరిగెను. అప్పుడది ధనవంతుల వేడుక. ఇప్పుడో, పాలమూరునుండి ముంబయికి కూలికి బోయినవాడు ఇంటికి సొమ్ము పంపుట దానివలననే. ఆటో తోలువాడు బేరము తెలిసికొనుట దానివలననే. బస్సు ముందునకు సాగినకొలది ఒక స్తంభము తన పొలిమేర దాటిన మాటను వేరొక స్తంభమున కప్పగించుచుండును. మాటాడువానికి ఆ సంగతియే తెలియదు.

ఇట్టి సాధనమును ఒక్క సంతకముతో నిలుపుచేయు నధికారము సర్కారుచేత నున్నది. పరపాలకులు 1885 లో చేసిన టెలిగ్రాపు చట్టమునుండి దిగివచ్చిన యధికార మిది. 2019 ఆగష్టు మొదటి వారమున జమ్ము కాశ్మీరమున ఫోనులును, ఇంటర్నెట్టును నిలిపివేయబడెను. వేగముగల ఇంటర్నెట్టు సెల్ ఫోనులకు అంతటను మరల లభించుటకు 2021 ఫిబ్రవరి వచ్చెను. పత్రికను వెలువరించుటకు వీలులేక, ‘కాశ్మీరు టైమ్సు’ సంపాదకురాలు అనురాధా భాసిన్ సుప్రీముకోర్టు నాశ్రయించెను. తెలుగువారగు న్యాయమూర్తి ఎన్. వి. రమణగారి యాధ్వర్యమున ముగ్గురు న్యాయమూర్తులు 2020 జనవరి 10 న తీర్పు చెప్పిరి. ఇంటర్నెట్టు మూలమున భావప్రకటన చేయుటకును, వృత్తి సాగించుటకును రాజ్యాంగము 19 వ అధికరణము క్రింద రక్షణ గలదనియు, గడువులేని నిలుపుదల చెల్లదనియు, ఉత్తరువులను ప్రకటింపవలెననియు వారు శాసించిరి. ఆ తీర్పు తోడనే కాశ్మీరమున ఇంటర్నెట్టు పూర్తిగా తెరువబడలేదు; కాని కారణము చెప్పక తప్పని స్థితికి సర్కారును దెచ్చినది.

వదంతులు వ్యాపించి రక్తపాతము జరుగునప్పుడు ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా యని కొంద రడుగుదురు. వల దనియే మేమును చెప్పుదుము. కాని నిప్పంటిన యింటికై ఊరంతటి బావులను పూడ్చుట పాలన కాదు. వదంతిని మాన్పు నిజవార్తయు ఆ త్రోవనే రావలసియున్నది గదా!

2023 లో క్రొత్త టెలికాం చట్టమును, 2024 లో దాని క్రింది నియమములును వచ్చినవి. ఉత్తరువున కారణము, ప్రదేశము, కాలము వ్రాసి ప్రకటింపవలెననియు, పదునైదు దినములకు మించరాదనియు, ఐదు దినములలో సమీక్షక సంఘము దానిని పరిశీలింపవలెననియు వాని సారము. మాట మంచిదే. అయితే ఇంటర్నెట్టును ఆపివేసి, ఆపిన యుత్తరువును ఇంటర్నెట్టుననే ప్రకటించినచో దానిని చదువువా డెవడు? కన్నులు కట్టి శాసనము చూపినట్లు కాదా?

కావున మా కోరిక యిది: అట్టి ప్రతి యుత్తరువును అదే దినమున తహసీలుదారు కచ్చేరిలోను, బస్సు నిలయములోను, రైలు స్టేషనులోను అంటింపవలెను, రేడియోలో చదివింపవలెను, పత్రికలలో అచ్చువేయింపవలెను. పౌరులును ఊరకుండరాదు. ఫోను మూగవోయిన నాడు, “ఉత్తరు వేది?” అని అధికారిని మర్యాదగా, పట్టుదలతో అడుగవలెను. దొరకిన ప్రతిని పఠనమందిరపు గోడపై నంటింపవలెను. అడుగువాడు లేనిచోట హక్కు కాగితముననే మిగిలిపోవును.