నీరు పల్లమెరుగు, అద్దె కులమెరుగు

2024 సెప్టెంబర్ ఆరంభంలో బుడమేరు విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటలను ముంచెత్తింది. రోజుల తరబడి ఇళ్లలో నీరు నిలిచింది. వరద తీశాక ప్రభుత్వం గ్రౌండ్‌ఫ్లోర్ మునిగిన కుటుంబానికి 25 వేల రూపాయలు, పై అంతస్తుల వారికి 10 వేలు ప్రకటించింది. ఇంటి ఎత్తును బట్టి నష్టం మారుతుందని ఆ విధంగా అంగీకరించింది. అయితే ఏ కుటుంబం ఏ ఎత్తులో నివసించాలో నిర్ణయిస్తున్నదెవరు?

మార్కెట్ అన్నది అర్థశాస్త్రం చెప్పే జవాబు. ముంపు భయమున్న చోట ధరలూ అద్దెలూ తగ్గుతాయి. చేతిలో డబ్బు తక్కువున్నవారు అక్కడికి చేరతారు. ఇది సగం నిజం. ముంపు ప్రాంతాల్లో అన్ని కులాల పేదలూ ఉన్నారు. కానీ అద్దె చెల్లించగల దళిత ఉద్యోగికి సైతం మెరక వీధుల్లో ఇల్లు దొరకకపోవడాన్ని ఈ సూత్రం వివరించలేదు. ‘మీరెవరు?’ అని ఇంటి యజమాని అడిగితే ఊరి పేరు చెప్పి తప్పించుకోలేమని గది కోసం తిరిగిన దళిత విద్యార్థులకు తెలుసు. మెరక మీద తలుపు మూశాక పల్లంలో దొరికే చౌక అద్దెను స్వేచ్ఛగా చేసుకున్న ఎంపిక అనగలమా? వాడను ఊరికి వెలుపల, చెరువు కిందికో కాలువ గట్టుకో నెట్టిన పాత గ్రామనీతే నగరంలో అద్దె ఒప్పందం రూపం తొడిగింది.

చట్టం ఈ విషయంలో బలహీనంగా ఉంది. రాజ్యాంగంలోని 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల వద్ద వివక్షను నిషేధించింది. అద్దె ఇంటిని పేర్కొనలేదు. గుజరాత్‌కు చెందిన జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘం కేసులో, పార్సీలకు మాత్రమే సభ్యత్వమిచ్చే నిబంధనను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. గేటు లోపలికి ఎవరిని రానివ్వాలో సంఘమే నిర్ణయించుకోవచ్చన్న ఈ వాదన కులానికి కూడా ఆశ్రయమిస్తుంది.

భూతాపం పెరిగేకొద్దీ కొద్ది గంటల్లో కుంభవృష్టి కురిసే సందర్భాలు పెరుగుతాయి. అప్పుడు మెరక భూమికి గిరాకీ హెచ్చుతుంది, పల్లంలో ఇల్లున్నవారి ఆస్తి విలువ పడిపోతుంది. డబ్బున్నా మెరకకు వెళ్లలేని కుటుంబం ఆ నష్టాన్ని రెండుసార్లు భరిస్తుంది: ఒకసారి వరదలో, మరోసారి ఇల్లు అమ్ముకునే వేళ.

కనుక రెండు తెలుగు రాష్ట్రాలూ మూడు పనులు చేయాలి. అద్దెకివ్వడంలో, అమ్మడంలో కుల వివక్షను శిక్షార్హం చేస్తూ చట్టం తేవాలి. పేదలకు ఇళ్ల స్థలాలు పంచే ముందు ఆ స్థలం ముంపు మట్టాన్ని గ్రామసభలోనో వార్డులోనో బహిరంగంగా ప్రకటించాలి. వరద నష్టాన్ని నమోదు చేసేటప్పుడు కులాన్నీ, సొంతిల్లా అద్దెల్లా అన్న వివరాన్నీ రాయాలి. మూడోది చేయడానికి కొత్త చట్టం అక్కరలేదు, సర్వే పత్రంలో రెండు గడులు చేరిస్తే చాలు. ఆ గడులు నిండిన రోజు, మునిగినవారంతా కేవలం పేదలేనన్న మాట ఎంతవరకు నిజమో తేలుతుంది.