కొత్త కెమెరా, పాత నమ్మకం

"కొత్తది వచ్చిందంటే పాతది పనికిరాదు" అనే నమ్మకానికి గుడి లేదు, పూజారి లేడు. హుండీ మాత్రం ఉంది. ఆ హుండీలో సూరత్‌లోని మన తెలుగు కుర్రాళ్ళు వేస్తున్న డబ్బు గురించే ఈ వ్యాసం.

సూరత్ సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తిరిగితే తెలుగు వినకుండా ఒక గంట గడవదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాలవి. తండ్రి పన్నెండు గంటల షిఫ్టులో మగ్గాల మధ్య నిలబడ్డాడు. కొడుకు నిలబడనంటాడు. నిలబడకుండా బతకడానికి దొరికిన దారుల్లో కెమెరా ఒకటి. మన పెళ్ళిళ్ళు తీయడం, రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో సేఠ్‌ల కోసం చీరల ఫోటోలు తీయడం, ఈ రెండే అతని పని. అతనికి అద్దం లేని కెమెరా, అంటే మిర్రర్‌లెస్, జీవనాధారం. దాన్ని మార్చాలా వద్దా అనేది సరదా ప్రశ్న కాదు, రెండు మూడేళ్ళ వాయిదాల ప్రశ్న.

నాకు తెలిసిన ఒక కుర్రాడి దగ్గర సోనీ ఏ7 త్రీ ఉంది. 2018లో వచ్చిన మోడల్. అతనికి 2021 అక్టోబరులో ప్రకటించిన ఏ7 ఫోర్ కావాలి. మన దేశంలో విడుదలైనప్పుడు ఒట్టి బాడీ ధరే రెండు లక్షల నలభై వేల పైచిలుకు. "అన్నా, కస్టమర్లు ఏ మోడల్ ఉన్నదని అడుగుతున్నరు. కొత్తది తీసుకుంటే ఫోటో వేరే లెవల్ల వస్తదంట" అన్నాడు. ఎవరు చెప్పారని అడిగాను. "అందరూ చెప్తున్నరు." హేతువాదులకు చిరకాలంగా పరిచయమున్న సాక్షి ఈ 'అందరూ'!

నేను కొత్త కెమెరాలకు వ్యతిరేకిని కాను. కొత్తదాన్ని గుడ్డిగా నమ్మడం ఎంత అశాస్త్రీయమో, "పాత బంగారమే మేలు" అనడం కూడా అంతే అశాస్త్రీయం. కాబట్టి "ఏది మంచిది?" అనే ప్రశ్నను పక్కన పెడదాం. దానికి జవాబు లేదు. ఏ పనిలో, ఎంత మంచిది అని అడిగితే జవాబు ఉంటుంది.

ముందు మెగాపిక్సెళ్ళు. పాతదానికి 24, కొత్తదానికి 33. ప్రకటన భాషలో ముప్పై ఆరు శాతం ఎక్కువ. అబద్ధం కాదు. కాని పిక్సెళ్ళు నిలువునా అడ్డంగా రెండు దిక్కుల్లో పంచుకుంటాయి. పాతదాని ఫోటో వెడల్పు 6000 పిక్సెళ్ళు, కొత్తదానిది 7008. అంటే ఒక గీత మీద పెరిగిన వివరం పదిహేడు శాతమే. అంగుళానికి 300 చుక్కల లెక్కన పాతది 20 అంగుళాల వెడల్పు ప్రింటుకు సరిపోతుంది, కొత్తది 23 అంగుళాలకు. పెళ్ళి ఆల్బంలో ఒక పేజీకి నాలుగైదు ఫోటోలు అతికించే చోట ఆ మూడంగుళాలు ఎవరికి కావాలి? చీరల పని ఇంకా విచిత్రం. సేఠ్ ఆ ఫోటోను వాట్సాప్‌లో పంపుతాడు. చూసేవాడి ఫోను తెర వెడల్పు వెయ్యి పిక్సెళ్ళ చిల్లర. ఇరవై నాలుగైనా ముప్పై మూడైనా అక్కడికి చేరేసరికి ఒకటే గంగలో కలుస్తాయి.

చీరల వాళ్ళకు తెలిసిన ఇంకో ఇబ్బంది ఉంది. సన్నని నేత మీద లేని అలలు, రంగుల చారలు ఫోటోలో కనిపిస్తాయి. నేత దారాల వరుస, సెన్సార్ పిక్సెళ్ళ వరుస దగ్గర దగ్గరగా వచ్చినప్పుడు పుట్టే మోయిరే అది. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేసి చూడండి, అదే కనిపిస్తుంది. కెమెరా మారిస్తే ఈ చీరకు పోయి ఆ చీరకు వస్తుంది. ఒక అడుగు ముందుకో వెనక్కో వేస్తే ఊరికే పోతుంది.

తర్వాతది చీకటి. "కొత్తది చీకట్లో పగలులా తీస్తుంది" అన్నది రెండో ప్రచారం. ఇక్కడ భౌతికశాస్త్రం కొంచెం నిర్దయగా ఉంటుంది. వెలుతురు కణాలుగా వస్తుంది. తక్కువ కణాలు వస్తే ఫోటోలో ఇసుక చల్లినట్టు నాయిస్ కనిపిస్తుంది. ఎన్ని కణాలు పట్టుకోవచ్చనేది ప్రధానంగా సెన్సార్ వైశాల్యం, లెన్సు ద్వారం మీద ఆధారపడుతుంది. రెండింటి సెన్సారూ ఒకటే కొలత, సుమారు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. ఈ తరం సెన్సార్లు తమ మీద పడిన వెలుతురులో సగానికి పైగా ఇప్పటికే పట్టుకుంటున్నాయి. నూటికి నూరు పట్టినా ఇక రెట్టింపు కూడా కాదు. ఏ కంపెనీ అయినా ఈ గోడను దాటలేదు. అదే ఎఫ్ 4 లెన్సు తీసి ఎఫ్ 1.8 లెన్సు పెడితే దాదాపు ఐదు రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు ఖరీదు కొత్త బాడీ ఖరీదులో చిన్న ముక్క. కాని "ఏ లెన్సు ఉంది?" అని పెళ్ళివారెవరూ అడగరు కదా!

లెక్కలు చెబితే కుర్రాడు నమ్మలేదు. నమ్మకూడదు కూడా. నేను చెప్పాను కాబట్టి నమ్మితే బాబా చెప్పాడని నమ్మడానికి, దానికి తేడా ఏముంది? పరీక్ష పెడదామన్నాను. తెలిసినవారి దగ్గర కొత్త కెమెరా ఒకరోజు అడిగి తెచ్చాం. అదే లెన్సు, అదే ట్రైపాడ్, అవే సెట్టింగులతో ఇరవై దృశ్యాలు రెండింటితోనూ తీశాం. 12 బై 18 అంగుళాల ప్రింట్లు వేయించాం. ఒక మూడో మనిషి నాణెం ఎగరేసి ఏది ఎడమ, ఏది కుడి అని పెట్టి, ఆ చీటీ తన జేబులో ఉంచుకున్నాడు. మేము చూస్తుండగా ప్రింట్ల దగ్గరికి రాలేదు, ముఖం చూసి జవాబు పసిగట్టే వీలు లేకుండా.

పరీక్షకు ముందే ఒక ఒప్పందం చేసుకున్నాం. ఇరవైలో పదిహేను గుర్తుపడితే తేడా ఉన్నట్టు. ఎందుకు పదిహేను? కళ్ళు మూసుకుని ఊహించేవాడికి కూడా పన్నెండో అంతకన్నా ఎక్కువో రావడానికి నాలుగింట ఒక అవకాశం ఉంది. పదిహేనో ఆపైనో రావాలంటే యాభైలో ఒకటి మాత్రమే. ఈ గీత ముందే గీయకపోతే తర్వాత పదకొండు వచ్చినా "చూశావా, సగం కంటే ఎక్కువ!" అంటాం. జ్యోతిష్కుడి లెక్క అలాగే నడుస్తుంది.

కుర్రాడికి పదకొండు వచ్చాయి. "చూడగానే చెప్పేస్తా" అన్న ల్యాబ్ మనిషికి తొమ్మిది.

ఈ ఫలితం కూడా ఎంత చెబుతుందో అంతే తీసుకోవాలి. ఇరవై జతలు చిన్న పరీక్ష. సూక్ష్మమైన తేడా ఉంటే ఇది పట్టుకోలేదు. గోడంత ప్రింటు వేస్తే కథ వేరు కావచ్చు. కాని "వేరే లెవల్" అన్నంత తేడా ఉంటే పట్టుకునేది. 2007లో జేమ్స్ ర్యాండీ వేల డాలర్ల స్పీకర్ తీగలకు, మామూలు తీగలకు తేడా చెవులతో గుర్తుపట్టి చూపితే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఆ డబ్బు ఎవరూ గెలుచుకోలేదు. తీగల వ్యాపారం మాత్రం ఆగలేదు.

ఇక కొత్తది నిజంగా గెలిచిన చోట్లు. దాచిపెడితే నేనూ ప్రచారకుణ్ణే అవుతాను. కదిలే మనిషి కంటి మీద ఫోకస్ నిలపడంలో కొత్తది మేలు. ఊరేగింపులో నాట్యం చేస్తూ మన మీదికి వచ్చేవాళ్ళను తీసి, కంప్యూటర్లో ఒక్కో ఫ్రేము పెద్దది చేసి చూశాం. కొత్తదానితో పారేయాల్సినవి తక్కువ. ఇది ఊహ కాదు, లెక్కపెట్టగలిగిన తేడా. అయితే కంటి మీద నిరంతరం ఫోకస్ పట్టే సౌకర్యం పాత కెమెరాకు కూడా 2019లో ఉచిత ఫర్మ్‌వేర్‌గా వచ్చింది. మావాడు అది ఎక్కించుకోలేదు! కొత్త కెమెరా కోసం అప్పు వెతుకుతున్నవాడు పాతదానికి ఊరికే వచ్చినది తీసుకోలేదు.

వీడియో అసలైన తేడా. పాతది ఒక్క బిగిన ఇరవై తొమ్మిది నిమిషాలకు రికార్డింగ్ ఆపేస్తుంది. కొత్తదానికి ఆ హద్దు లేదు. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకు రికార్డింగ్ ఆగిందనుకోండి, పెళ్ళివారు బాకీ డబ్బు ఇస్తారా? ముహూర్తం మీద నాకు నమ్మకం లేదు గాని, వీడియో తీసేవాడికి ఆ క్షణం నిజంగానే శుభమో అశుభమో తేలుస్తుంది. రంగులు దిద్దుకోవడానికి కొత్తదాంట్లో పది బిట్ల వీడియో ఉంది, పాతదాంట్లో ఎనిమిదే. రోజూ వీడియో మీద బతికేవాడైతే కొత్తది కొనడానికి కారణం ఉంది.

వెనక్కి వెళ్ళినవీ ఉన్నాయి, వాటిని ఎవరూ చెప్పరు. రెండింటికీ ఒకటే బ్యాటరీ. కంపెనీ చెప్పే ప్రామాణిక కొలత ప్రకారమే, తెర చూస్తూ తీస్తే పాతదానికి 710 ఫోటోలు, కొత్తదానికి 580. బరువు కూడా ఎనిమిది గ్రాములు పెరిగింది, అది పోనివ్వండి. సెకనుకు పది ఫోటోల వేగం కొత్తదాంట్లో ర్యా ఫైలును నష్టంతో కుదించినప్పుడే వస్తుంది.

హేతువాదుల పేజీలో ఇదంతా ఎందుకని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. కెమెరా మన పాత సాక్షి కాబట్టి. పదిహేను ఇరవై ఏళ్ళ కింద డిజిటల్ కెమెరాలు చవకైనప్పుడు, ఫోటోల్లో తెల్లని గుండ్రాలు కనిపించి అవి ఆత్మలన్నారు. చిన్న కెమెరాల్లో ఫ్లాష్ లెన్సుకు ఆనుకుని ఉండేది. ముందున్న దుమ్ము కణం మీద వెలుగు పడి, మసకబారి, గుండ్రంగా కనిపించేది. మగ్గాల మధ్య, నూలు పొట్టు గాలిలో తేలే చోట ఫ్లాష్ వేస్తే ఆత్మల జాతరే. ఫ్లాష్ లెన్సుకు దూరంగా జరిగిన కెమెరాలు, ఫ్లాష్ అక్కరలేని కెమెరాలు వచ్చాక అవి పలచబడ్డాయి. చనిపోయినవారికి కెమెరా మోడల్‌తో ఏమి పని?

మిర్రర్‌లెస్ తనవైన భూతాలను తెచ్చింది. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఎల్‌ఈడీ దీపాల కింద తీస్తే ఫోటో మీద అడ్డంగా నల్లని పట్టీలు వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం దీపం సెకనుకు నూరుసార్లు మినుకుతుంది. సెన్సార్‌ను వరుస వెంట వరుస చదవడానికి సుమారు పదిహేనో వంతు సెకను పట్టిందనుకుంటే, ఆ కాలంలో దీపం ఆరేడుసార్లు మినుకుతుంది. అన్ని పట్టీలే వస్తాయి. దిష్టి తగిలిందని కెమెరాకు నిమ్మకాయ కట్టినవాణ్ణి చూశాను. మెకానికల్ షట్టర్‌కు మారితే పోయింది. నిమ్మకాయ కూడా ఉంచుకున్నాడనుకోండి, ఎందుకైనా మంచిదని.

సాక్ష్యం విషయంలో కొత్తదానిదే పైచేయి అనుకునేవారికి ఒక ముచ్చట. ఫోటో ఏ కెమెరాలో పుట్టిందో, తర్వాత ఏమి మార్చారో డిజిటల్ సంతకంతో భద్రపరిచే పద్ధతి ఇటీవలి కెమెరాల్లో వస్తోంది. 2023 అక్టోబరులో లైకా ఎం11పీ దీన్ని మొదట తెచ్చింది. 2025లో నికాన్ జడ్6 త్రీకి కూడా వచ్చింది. కొన్ని వారాలకే ఒక వినియోగదారుడు, రెండు ఫోటోలను ఒకదాని మీద ఒకటి తీసే సౌకర్యం వాడి, ఈ కెమెరా సంతకం లేని బొమ్మ మీద కూడా అసలు సంతకం పడేలా చేసి చూపాడు. నికాన్ ఆ సేవను నిలిపివేసి, ఇచ్చిన ధ్రువపత్రాలను రద్దు చేసింది. 1860లలో అమెరికాలో మమ్లర్ అనే ఫోటోగ్రాఫర్ చనిపోయినవారి నీడలు ఫోటోల్లో చూపి డబ్బు చేసుకున్నాడు. 1869లో న్యూయార్క్‌లో విచారణ జరిగితే సాక్ష్యం చాలదని వదిలేశారు. అతని మీద జనానికి ఉన్న అనుమానం కూడా ఇదే, ఒకే పలక మీద రెండు బొమ్మలు తీస్తున్నాడని. నూట అరవై ఏళ్ళ సాంకేతిక ప్రగతి తర్వాత కూడా అదే కిటికీ తెరిచి ఉంది!

2025 డిసెంబరులో ఏ7 ఫైవ్ కూడా ప్రకటించారు. కాబట్టి ఇప్పుడు ఏ7 ఫోర్ కూడా పాతదే. "వేరే లెవల్" అన్నవాళ్ళు దాన్ని అమ్మకానికి పెడుతున్నారు.

మావాడు ఫర్మ్‌వేర్ ఎక్కించాడు, ఎఫ్ 1.8 లెన్సు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. పెద్ద పెళ్ళిళ్ళలో వీడియోకు కొత్త కెమెరా రోజు అద్దెకు తెస్తున్నాడు. వాళ్ళమ్మకు ధన్‌తేరస్ రోజున ఏదో ఒకటి కొనాలని పట్టుదల. మెమరీ కార్డులు కొనిపించాడు.