ఫెల్టు టోపీలు - చేతిపని మర్యాద

మన భాషలో టోపీ వేయుట యనిన మోసగించుట. కుచ్చుటోపీ పెట్టిరన్నచో మోసము నిండుగా జరిగినదని యర్థము. తలపాగా మర్యాదకు గుర్తుగా నెంచబడిన దేశమున టోపీ కిట్టి యపఖ్యాతి కలుగుట వింత గాదు. ఐనను ఒక వస్తువునెడ మనకు గల చులకనభావము దానిని చేసిన చేతులకు తగులరాదు. అమెరికాలోను ఐరోపాలోను ఒక్కొక్కరి తలకొలతకు చేతితో తయారు చేయబడు ఫెల్టు టోపీలను గూర్చి నేడు పాఠకులతో ముచ్చటింపదలచితిమి. టెక్సాసు మొదలగు రాష్ట్రములలో కాపురమున్న తెలుగువారికి ఇవి నిత్యము కంటబడు వస్తువులగుట యొక కారణము. చేతిపని బ్రదుకుటకు పనివాని నేర్పుతోపాటు కొనువాని తెలివియు నవసరమని ఈ వృత్తి చరిత్రము స్పష్టముగా బోధించుచుండుట రెండవ కారణము. ఈ రెండవదియే మాకు ముఖ్యము.

ఫెల్టు నేసిన బట్ట కాదు. అల్లిన బట్టయు కాదు. దానికి పడుగు లేదు, పేక లేదు. కొన్ని జంతువుల బొచ్చులో ప్రతి వెండ్రుకపైని కంటికి కానరాని సన్నని పొలుసులుండును. వేడి, తడి, ఒత్తిడి యను మూడును కలిసినప్పుడు ఆ పొలుసు లొకదానినొకటి పట్టుకొనును. వెండ్రుకలు పెనవైచుకొని మరల విడువవు. గొఱ్ఱె ఉన్నితోను ఫెల్టు తయారగును గాని, మేలైన టోపీలకు కుందేలు, అడవికుందేలు, బీవరు అను జంతువుల నూగును వాడుదురు. బీవరు ఏళ్లకు అడ్డముగా మ్రాకులు పడవైచి ఆనకట్టలు కట్టు ఉత్తరదేశపు జంతువు. చలినీటిలో బ్రదుకునది గావున దాని పైవెండ్రుకల క్రింద మిక్కిలి దట్టమైన మెత్తని నూగు పెరుగును. ఆ నూగుతో చేసిన ఫెల్టు పలుచగనుండియు గట్టిగ నుండును. వానకు త్వరగా లోబడదు. దిద్దిన యాకారమును చిరకాలము నిలుపుకొనును.

పూర్వము ఈ నూగు చిక్కు విడదీయుటకు టోపీపనివాడు ఇంటికప్పునుండి వ్రేలాడగట్టిన పెద్దవింటి నారిని మీటుచుండెడివాడు. మన దూదేకులవారి విల్లును చూచినవారికి ఆ దృశ్యము క్రొత్త కాదు. అట్లు విరిసిన నూగును పొరగా పఱచి, గరాటువలె మలచి, మఱగునీట తడిపి చేతులతో మర్దించుచుండగా అది మొదటి కొలతలో సగమునకో అంతకు తక్కువకో క్రుంగి గట్టిపడెడిది. ఈ తొలిభాగము నేడు యంత్రములవలన జరుగుచున్నది. మలిభాగము నేటికిని చేతిలోనే యున్నది. గరాటువంటి ఆ మోటు ఫెల్టును ఆవిరి పట్టి మెత్తపఱచుట, కఱ్ఱదిమ్మపై లాగి త్రాటితో బిగించుట, ఇస్త్రీ చేసి ఆరబెట్టుట, గరుకుకాగితముతో మొదట ముతకగను పిదప సన్నముగను రుద్ది నునుపు తెచ్చుట, అంచును కోసి వంపు దిద్దుట, లోపల నుదుటికి తగులు తోలుపట్టీని కుట్టుట - వీనిలో దేనిని తొందరపడి చేసినను కొన్ని నెలలలో టోపీయే ఆ సంగతి చెప్పును.

అన్నిటికంటె కొలత వింతయైనది. మనుజుని తల గుండ్రమని మనమనుకొందుము. నిజమునకు ఏ తలయు గుండ్రము గాదు. ఏ రెండు తలలు నొక్కరీతిగ నుండవు. ఒకనికి ముందువెనుకలు నిడుపు. వేఱొకనికి ఒక ప్రక్క ఉబ్బు. నాడాతో చుట్టుకొలత తీసిన మాత్రమున ఈ భేదము తెలియదు. అందులకై పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సులో ఒక పరికరము కల్పింపబడినది. దానిని తలపై నుంచగా చుట్టునున్న మీటలు తల వంపుల ననుసరించి కదలును. ఆ యాకారము చిన్నదిగా ఒక కాగితపు ముక్కపై సూదిపోట్లతో ముద్రపడును. మన ఊరి చెప్పులు కుట్టువాడు కాగితముపై పాదము నుంచి చుట్టును గీత గీసికొనుటవంటిదే యిది. లండనులో 1676వ సంవత్సరమున స్థాపింపబడి నేటికిని నడచుచున్న లాక్ అండ్ కంపెనీ వారియొద్ద పూర్వపు ఖాతాదారుల తలల కాగితములు భద్రపఱుపబడియున్నవి. కొన్నవాని పేరు మాత్రమే గాక వాని యాకారమునుగూడ గుర్తుంచుకొనుట గొప్ప దుకాణముల లక్షణము. కొలతకు చేయించిన టోపీ తలను నొక్కదు, గాలికి ఎగురదు. దాని సుఖము అద్దములో కనబడునది గాదు. పెట్టుకొన్నవానికి మాత్రమే తెలియునది.

ఇంతటి నేర్పుగల వృత్తి రెండుమారులు గొప్ప యన్యాయమునకు గుఱియైనది. మొదటిది రాజ్యాధికారమువలన గలిగినది. పదునెనిమిదవ శతాబ్దమున అమెరికా వలసలలో బీవరుతోళ్లు పుష్కలముగ దొరకుచుండెను. అచ్చటి పనివారు టోపీలు చేసి అమ్మసాగిరి. లండనులోని టోపీపనివారి సంఘము పార్లమెంటునకు మొఱపెట్టుకొనగా 1732వ సంవత్సరమున ఒక శాసనము పుట్టినది. వలసలలో చేసిన టోపీని మఱియొక వలసకుగాని పరదేశమునకుగాని పంపరాదు. ఏడేండ్లు శిష్యరికము చేయనివాడు ఈ పని చేయరాదు. ఇరువురికి మించి శిష్యులను ఉంచుకొనరాదు. నల్లజాతివారిని ఈ వృత్తిలో పనికి పెట్టుకొననే రాదు. తోలు అమెరికాది, టోపీ ఇంగ్లండుది, సొమ్ము మరల అమెరికావానిది! ముడిసరకు పంపువాడే తయారుసరకు కొనవలెనను నీతి మన నేతగాండ్రకు తెలిసివచ్చుటకు పూర్వమే టోపీపనివారికి తెలిసివచ్చినది. వలసలు స్వతంత్రించిన పిమ్మట కనెక్టికటు రాష్ట్రములోని డాన్బరీ టోపీల పట్టణమని వాసికెక్కినది.

రెండవ యన్యాయము పరాయి ప్రభుత్వమువలన వచ్చినది గాదు. లాభాపేక్షవలనను ఉపేక్షవలనను వచ్చినది. కుందేటి నూగు సులభముగ పెనవైచుకొనుటకై తోళ్లకు పాదరసముతో చేసిన ద్రావకమును పూయుచుండిరి. ఆవిరి నిండిన గదులలో ఆ పాదరసము పనివారి ఊపిరిలో చేరెడిది. చేతులు వణకుట, పండ్లు వదులగుట, చొంగ కారుట, మనుజులను చూచి బెదరుట, కారణము లేకయే కోపించుట - ఇవి టోపీపనివాని జబ్బులైనవి. ఆ వణుకునకు డాన్బరీ పేరే పెట్టబడినది. న్యూజెర్సీ రాష్ట్రమునందలి టోపీపనివారిలో ఈ వ్యాధిని గూర్చి 1860వ సంవత్సరముననే ఒక వైద్యుడు ప్రకటించెను. అమెరికాలో పాదరసము వాడుక మానిపింపబడినది 1941వ సంవత్సరమున! నడుమ ఎనుబదియొక్క సంవత్సరములు గడచినవి. ఆ కాలమునందు గొప్పవారి తలలపై మెఱసిన టోపీలెన్ని? వానిని చేసి వణకిన చేతులెన్ని? డాన్బరీ నదిలోని ఒండ్రులో ఆనాటి పాదరసము నేటికిని కలదు. టోపీని మెచ్చుకొనువారు చేసినవాని ఊపిరిని గూర్చి విచారించియుండిన, ఇంత కాలము పట్టియుండెడిది కాదని మా నమ్మకము.

ఇరువదవ శతాబ్దపు తొలిపాదమున ఫిలడెల్ఫియాలోని స్టెట్సను కర్మాగారములో అయిదువేలకు పైబడి పనివారుండిరి. టోపీ లేక వీధిలోనికి వచ్చుట అమర్యాదయను కాలమది. పిమ్మట మోటారుకార్లు ప్రబలినవి. తలకట్టు ఫ్యాషను మాఱినది. 1971వ సంవత్సరమున ఆ కర్మాగారము మూతబడినది. వృత్తి నశించినదని తలచినవారి యూహ మాత్రము తప్పినది. మూతబడిన కార్ఖానాల కఱ్ఱదిమ్మలను, కొలత పరికరములను వెదకి కొనితెచ్చుకొని, వృద్ధులయొద్ద పని నేర్చుకొని, ఒంటరిగనో ఇద్దఱు ముగ్గురు సహాయకులతోనో టోపీలు చేయువారు అమెరికాలో నేడును గలరు. వారియొద్ద టోపీ కావలెనన్నవారు నెలల తరబడి కాచుకొనుటయు గలదు.

ఐనను వారి స్వాతంత్ర్యము సంపూర్ణమైనది గాదు. మోటు ఫెల్టును వీరిలో పెక్కురు స్వయముగ చేసికొనజాలరు. అది పోర్చుగల్లులోని సావొజ్వావొ ద మదైర, చెక్ దేశములోని నోవీ యిచీన్ వంటి కొలది పట్టణముల కర్మాగారములనుండి రావలెను. అవి నిలిచినచో వీరి చేతులును నిలిచిపోవును. మగ్గము తనదైనను నూలుకై మిల్లు మొగము చూడవలసిన మన చేనేతవాని స్థితియు నిట్టిదే గదా! చేతిపనిని రక్షింపదలచినవారు కడపటి వస్తువును మాత్రమే చూచిన చాలదు; ముడిసరకు చేరు త్రోవను గూడ కనిపెట్టియుండవలెను.

ఇక నాణెపు మాట. అమెరికా టోపీల లోపలి తోలుపట్టీపై ఎక్స్ అను అక్షరమును కొన్నిమారులు ముద్రించుట ఆచారము. గుర్తులెన్ని హెచ్చిన నూగు అంత మేలైనది, బీవరుపాలు అంత అధికమైనది యని కొనువారి భావము. కాని ఈ గుర్తులకు అందఱికిని చెల్లు కొలత యేదియు లేదు. ఒక కంపెనీ పది గుర్తులు మఱియొక కంపెనీ పది గుర్తులతో సమము గాకపోవచ్చును. గుర్తులను లెక్కించి ధర చెల్లించువానికి మన సామెతలోని టోపీ పడుటకు అవకాశము గలదు. నేర్పరియైన కొనుగోలుదారు గుర్తును చూడడు. ఏ జంతువు నూగు, ఏపాటి కలిపిరి యని సూటిగ నడుగును. ఫెల్టును వ్రేళ్ల నడుమ నుంచి దాని బిగువును పరీక్షించును. లోపలి కుట్టును త్రిప్పి చూచును. ఇట్టివాడు నలుగురు ఖాతాదారులలో ఒక్కడున్నను దుకాణములో మోసము తగ్గును. తెలియని ధనికుడు పదిమంది కంటె తెలిసిన సామాన్యుడొక్కడు వృత్తికి మేలు చేయును.

తలకు పెట్టుకొను వస్తువునకై వందలు, శుద్ధమైన బీవరు ఫెల్టైనచో వేయికి పైగా డాలర్లు వెచ్చించుట విలాసము గాదాయని కొందఱడుగవచ్చును. పదింటిని కొని బీరువాలో దాచువాని విషయమున అది విలాసమేయని మేమును అంగీకరింతుము. అట్టివాడు వస్తువును పొందినాడు గాని ఎఱుగలేదు. ఒక్కటి కొలతకు చేయించుకొని, వాడి, మరమ్మతు చేయించి, ఇరువది ముప్పది యేండ్లు నిలుపుకొనువాని లెక్క వేఱు. ఏడాదికొకటి చొప్పున చౌకసరకు కొని పాఱవేయువాని ఖర్చుతో దానిని పోల్చి చూడుడు. చౌక యను మాటకు వెనుక ఎవరో ఒకరు మిగిలిన ధర చెల్లించుచునే యుందురు. డాన్బరీ పనివాడు దానిని తన నరములతో చెల్లించెను.

కొనుటతో యజమాని ధర్మము తీరలేదు. మంచి టోపీని నెత్తిభాగమున గిల్లి పట్టి యెత్తరాదు. అచ్చట మడత పగులును. అంచును పట్టి సున్నితముగ తీయవలెను. బల్లపై బోర్లింపక వెల్లకిల నుంచిన అంచు వంపు చెడదు. వానకు తడిసినప్పుడు లోని తోలుపట్టీని వెలికి మడచి నీడపట్టున తానై ఆఱనీయవలెను. పొయ్యిదగ్గఱ నుంచిన క్రుంగిపోవును. ఎండలో నిలిపిన కారులో వదలివేయుట అంతకంటె చెఱుపు. మెత్తని కుంచెతో నూగు వాలిన దిక్కుగనే దుమ్ము దులపవలెను. ఏండ్లు గడచి సొంపు తఱిగినచో చేసినవానియొద్దకే తీసికొనిపోయిన, ఆవిరి పట్టి దిమ్మకెక్కించి మరల నిలబెట్టును. అప్పుడు కొన్నవానికిని చేసినవానికిని నడుమ నుండునది బేరము గాదు, సంబంధము.

మన యెండలకు తలగుడ్డ చాలును. ఫెల్టు టోపీ లేదని ఆంధ్రదేశమున నెవ్వరును చింతింప నవసరము లేదు. మేము కోరునది టోపీ గాదు, ఆ టోపీ నేర్పిన కొనుగోలు నీతి. తెలంగాణమున కురుమవారు దక్కను గొఱ్ఱెల ఉన్నిని చేత వడకి, నేసి, చింతగింజల గంజి పట్టించి చేయు గొంగళి వానకును చలికిని ఆఱని రక్ష. ఉన్ని లేని మాంసపు జాతి గొఱ్ఱెలు ప్రబలుటచే ఆ ముడిసరకు తఱుగుచున్నది. అడుగువారు లేక ఆ నేర్పును తఱుగుచున్నది. ఫిలడెల్ఫియాలో మూతబడిన వృత్తిని ఎఱిగి కొనువారు మరల బ్రదికించుచున్నారు. మన భూస్వాములును పట్టణవాసులును ఇంటికొక గొంగళిని, ఒక చేనేత పంచెను నేసినవాని గుమ్మమునకే పోయి కొనవచ్చును. ధరకు బేరమాడుటకు ముందు నూలెక్కడిది, ఉన్ని యెక్కడిది, ఎన్నిదినముల పని యని మూడు ప్రశ్న లడుగుదురు గాక. ఆ ప్రశ్నలకు వచ్చు ప్రత్యుత్తరమును విన్నపిమ్మట బేరమాడుటకు నోరు వచ్చునో రాదో వారే చూచుకొందురు.