బిందె ఎత్తే బలం ఎక్కడిది?

పెద్దవంగరలోనైనా పట్నంలోనైనా బిందె ఎత్తాలంటే కండబలం కావాల్సిందే కదా! కండలో మయోసిన్, ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులుంటాయి. మయోసిన్‌కున్న చిన్న చిన్న తలలు వంగేలా అమరి ఉంటాయి. బావిలో నీళ్ళు చేదేటప్పుడు చేతులు మార్చి మార్చి తాడు లాగుతామే, అలా అవి ఆక్టిన్‌ని పట్టుకుని లాగుతాయి. కండ బిగుస్తుంది.

పట్టు వదలాలంటే ఏటీపీ అనే పదార్థం ఉండాలి. 1929లో దాన్ని కండలో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. కోసిన మాంసం కాసేపటికి బిర్రబిగిసేది ఏటీపీ అయిపోయే!

ఈ పోగులు అరుగుతూ, మళ్ళీ తయారవుతూ ఉంటాయి. వాటికి ముడిసరుకు పప్పు, గుడ్డు, పాలు. అందరికీ వడ్డించి చారుమెతుకులతో సరిపెట్టుకోకండి. మీ వంతు పప్పు ముందే తీసిపెట్టుకోండి!