ఆఖరివాడికి అగ్రతాంబూలం

ధర్మరాజు రాజసూయం చేసిననాడు అగ్రపూజ ఎవరికన్న ప్రశ్న దగ్గరే సభ రెండు చీలికలైంది. శ్రీకృష్ణుడికి ఇవ్వడమేమిటని శిశుపాలుడు లేచి నానా మాటలూ అని తల పోగొట్టుకున్నాడు. ఆ సభలోనే ఎవరైనా లేచి, "మనందరిలోనూ ఎక్కువ యుద్ధాలు ఓడినవాడెవడో చూడండి, వాడికి చేయండి పూజ" అని ఉంటే ఏమయ్యేదో! నవ్వకండి. అమెరికాలో బేస్‌బాల్ ఆటను నడిపే పెద్దలు అచ్చంగా ఈ పద్ధతే పెట్టుకున్నారు. పెట్టుకొని అరవై యేళ్ళయింది.

తెలుగు పంతులుకు బేస్‌బాల్ గొడవ ఎందుకని మా కాలేజీ స్టాఫ్ రూములోనే అడుగుతుంటారు గనుక మీరు అడిగినా నాకు కోపం లేదు. మా అక్కా బావగారూ హ్యూస్టన్‌లో కాపురం. వేసవి సెలవులకు వెళ్ళిన నాకు మా మేనల్లుడు పట్టుబట్టి ఆట నేర్పాడు. అప్పటినుంచి ఆ ఊరి జట్టు ఆస్ట్రోస్ నాది కూడానూ. అక్కడ సాయంత్రం ఏడింటికి ఆట మొదలయితే మనకు తెల్లవారుజామున అయిదున్నర. కాఫీ తాగుతూ చూడడానికి ఇంతకంటె అనుకూలమైన ఆట మరొకటి లేదు సుమండీ. మా ఆవిడ దీన్ని సుప్రభాతం అంటుంది, మెచ్చుకొని కాదు లెండి.

ఆట నియమాలన్నీ ఏకరువు పెట్టబోను. పెద్ద లీగులో ముప్ఫై జట్లు. ఒక్కొక్కటి ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది. మన క్రికెట్టులో బౌలరు ఎలాగో, అక్కడ బంతి విసిరే పిచ్చర్ అలాగ. ఇక కొత్త ఆటగాళ్ళు ఎక్కడినుంచి వస్తారంటారా? హైస్కూలు ముగించిన పిల్లలనూ, కాలేజీ కుర్రాళ్ళనూ ఏటా వేసవిలో జట్లు వంతులవారీగా కోరుకుంటాయి. ఇదే డ్రాఫ్ట్. మన ఐ.పి.ఎల్. వేలంలో డబ్బు పాడినవాడిదే పాట. ఇక్కడ అల్లా కాదు. ఒక జట్టు ఒక కుర్రవాడి పేరు చెప్పిందంటే, ఆ ఏటికి అతను బేరమాడవలసింది ఆ జట్టుతోనే. ఇష్టం లేకపోతే సంతకం పెట్టకుండా ఇంటికి పోవచ్చుగాని, పక్క జట్టు గుమ్మం ఎక్కడానికి వీల్లేదు. ఈ వంతుల్లో మొదటిది ఎవరికయ్యా అంటే, అంతకు ముందు యేడు అందరికంటె ఎక్కువ ఆటలు ఓడినవారికి!

ఉద్దేశం మంచిదే. అంతకు ముందు కాసులున్న జట్టు ఎక్కడ మంచి కుర్రవాడు కనిపిస్తే అక్కడ సంచి విప్పేది; లేని జట్టు గుటకలు మింగుతూ చూచేది. 1965లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. తొలి వంతు కాన్సస్ సిటీ అథ్లెటిక్స్ వారిది. రిక్ మండే అనే కుర్రవాణ్ణి తీసుకున్నారు. ఆఖరు బల్లమీద కూచున్న పిల్లవాణ్ణి పంతులు ముందుకు పిలిచినట్టన్నమాట. దీన్ని నేను తప్పు పట్టను.

కాని మనిషి బుద్ధి ఎటువంటిదంటే, ఆఖరు బల్లకు ఇంత మర్యాద ఉందని తెలిశాక అక్కడే కూచోవాలని చూస్తుంది.

మా ఆస్ట్రోస్ సంగతి వినండి. 2011లో 106 ఆటలు ఓడారు. ఆ యేడు చివర్లో జట్టును కొత్త యజమాని కొన్నాడు. డిసెంబరులో జెఫ్ లూనో అనే ఆయన జనరల్ మేనేజరుగా వచ్చాడు. జట్టును మరమ్మతు చేసి లాభం లేదు, పునాదుల నుంచి కట్టాలి అన్నది వారి సిద్ధాంతం. పేరున్న ఆటగాళ్ళను ఇతర జట్లకు ఇచ్చి మారుగా లేత కుర్రాళ్ళను తెచ్చుకున్నారు. 2012లో 107 ఓటములు, 2013లో 111. ఆ చివరి యేడు సీజను ఆఖరి పదిహేను ఆటలూ వరసగా ఓడి మరీ ముగించారు. మూడేళ్ళలో గెలిచిన ఆటలన్నీ కూడితే 56, 55, 51, వెరసి 162. అంటే మూడేళ్ళ గెలుపులు కలిపి ఒక్క యేటి ఆటల లెక్కకు సరిపోయాయి! 2013 సెప్టెంబరులో ఒక ఆదివారం వారి ఆట టెలివిజన్‌లో వచ్చినప్పుడు, ప్రేక్షకుల లెక్కలు కట్టేవారికి వచ్చిన అంకె సున్నా. నూటికి సున్నా కాదు, దశాంశం పక్కన కూడా సున్నాయే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మైదానంలో దిగిన కుర్రాళ్ళు ఓడాలని ఆడరు. పాపం, వాళ్ళకు తిండి పెట్టేది ఆటే గదా. ఓటమిని సిద్ధం చేసేది పైనున్నవారు. గెలవడానికి చాలని జట్టును తెలిసి తెలిసి మైదానంలోకి పంపడం ఒకటీ, గెలవాలని చూచి ఓడిపోవడం మరొకటీను. మొదటిదానికి కూడా టిక్కెట్టు ధర టిక్కెట్టు ధరే.

దీన్ని సమర్థించేవారు ఊరుకోరు. మా బావగారే ఉన్నారు, చమురు కంపెనీ ఇంజనీరు. "ఏం బావా, పదేళ్ళకు కాపు వచ్చే తోట వేసినవాడు మొదటి మూడేళ్ళూ కాయలేవని ఏడుస్తాడా? 2017 చూడలేదూ?" అంటారు. చూచాను. 2014 జూన్‌లోనే ఒక పెద్ద క్రీడాపత్రిక, 2017లో విజేతలు వీరేనని అట్టమీద వేసింది. అందరూ హేళన చేశారు. 2017లో ఆస్ట్రోస్ లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్‌ను ఏడు ఆటల పోరులో 4-3తో ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచారు. దాంతో ఓడిపోవడం ఒక శాస్త్రమైంది. ఇతర జట్లూ దాన్ని చదవడం మొదలుపెట్టాయి.

నా అభ్యంతరం ఈ శాస్త్రం మీదనే. గెలిపించినవారెవరో పేరు పేరునా చూడండి. హోసే ఆల్టువే అని, అయిదడుగుల ఆరంగుళాల మనిషి. వెనిజ్యూలా దేశపు కుర్రవాడు. పదహారేళ్ళప్పుడు ఆస్ట్రోస్ వారి పరీక్షకు వెళ్తే పొట్టివాడివి, రేపు రావద్దన్నారు. తండ్రి మళ్ళీ పంపించాడు. 2007లో పదిహేను వేల డాలర్లకు సంతకం పెట్టించుకున్నారు. పదేళ్ళ తరువాత, 2017లో, అమెరికన్ లీగు మొత్తానికి ఉత్తమ ఆటగాడు అతనే. ఇతనికి డ్రాఫ్టుతో సంబంధమే లేదు. పిచ్చర్ డల్లాస్ కైకెల్ 2009లో ఏడవ రౌండులో దొరికినవాడు. వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడైన జార్జ్ స్ప్రింగర్‌ను 2011లో పదకొండవ వంతులో తీసుకున్నారు. ముగ్గురూ ఈ పునాదుల సిద్ధాంతం రాకముందే జట్టులో ఉన్నవారు!

మరి మూడేళ్ళు ఓడి సంపాదించిన మూడు అగ్రతాంబూలాలూ ఏమయ్యాయి? 2012లో తీసుకున్న కార్లోస్ కొరెయా, పోర్టొరికో పిల్లవాడు, పదిహేడేళ్ళవాడు, నిజంగా రత్నం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇక్కడ లూనో గారి తెలివి మెచ్చవలసిందే. ఆ వంతుకు నియమించిన ధర 72 లక్షల డాలర్లు; కొరెయాకు 48 లక్షలే ఇచ్చి, మిగిలినదాంట్లోంచి 25 లక్షలు పెట్టి నలభై ఒకటవ వంతులో లాన్స్ మెకల్లర్స్ అనే మంచి పిచ్చర్‌ను తెచ్చారు. గడుసు ఇల్లాలు పట్టుచీర బేరంలో మిగిల్చిన డబ్బుతో పిల్లకు పరికిణీ కూడా కొన్నట్టు.

2013లో తీసుకున్నది మార్క్ ఆపెల్‌ను. హ్యూస్టన్‌లో పుట్టినవాడే, స్టాన్‌ఫర్డ్‌లో చదివాడు. 63 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చారు. ఆస్ట్రోస్ పెద్ద జట్టులో ఒక్క బంతీ విసరకుండానే 2015 డిసెంబరులో ఫిలడెల్ఫియాకు పోయాడు. ఆ యేడు రెండవ వంతు చికాగో కబ్స్‌ది; వాళ్ళకు దక్కిన క్రిస్ బ్రయంట్ 2016లో నేషనల్ లీగు ఉత్తమ ఆటగాడై, 108 యేళ్ళుగా కబ్స్‌కు అందని వరల్డ్ సిరీస్ అందించాడు. చూచారా, రెండవ తాంబూలమే పండింది.

2014 కథ నాకు ఇప్పటికీ మింగుడుపడదు. శాన్ డియేగో హైస్కూలు కుర్రవాడు బ్రేడీ ఏకెన్, ఎడమచేతి పిచ్చర్. 65 లక్షలకు మాట కుదిరింది. తీరా వైద్యపరీక్షలో మోచేతి నరం ఏదో తేడాగా ఉందన్నారు. బేరం 31 లక్షలకు దిగింది, గడువు చివరి గంటల్లో 50 లక్షలకు ఎక్కింది. జూలై 18 సాయంత్రంతో గడువు ముగిసింది, సంతకం కాలేదు. ఒక్కొక్క జట్టు కొత్తవారికి ఇవ్వగల మొత్తానికి ఒక హద్దు ఉంటుంది. మొదటివాడు చేజారితే వాడి వాటా కూడా పోతుంది. అందుచేత ఏ పాపమూ ఎరుగని జేకబ్ నిక్స్ అనే మరో కుర్రవాడికి 15 లక్షలిస్తామన్న మాట కూడా గాలికి పోయింది. పీటలమీద పెళ్ళి ఆగిందంటే ఇదే. జట్టుకు మాత్రం నష్టం లేదు. నియమం ప్రకారం మరుసటి యేడు రెండవ వంతు పరిహారంగా వచ్చింది. దాంతో అలెక్స్ బ్రెగ్మన్ వచ్చాడు, గెలిపించాడు. ఏకెన్‌కు 2015 మార్చిలో మోచేతికి శస్త్రచికిత్స అయింది. క్లీవ్‌లాండ్ వారు పదిహేడవ వంతులో తీసుకున్నారు. పెద్ద లీగు మెట్టు ఎక్కలేదు.

వైద్యులు చెప్పింది నిజమైంది గదా అనవచ్చు. నిజమే. పదిహేడేళ్ళవాడి మోచేయిని పటంలో చూచి రేటు మార్చేవారే, మూడేళ్ళు వాడి వయసువాళ్ళ కోసం ఓడిపోవడం ధర్మమని ఊరికి నచ్చచెప్పారన్నదే నా బాధ. ఎవరు పైకి వస్తారో చెప్పగలమన్న ధీమా మీదనే ఈ శాస్త్రమంతా నిలిచింది. ఇరవై యేళ్ళుగా ఏటా వేసవిలో కొత్త ముఖాలను చూస్తున్నవాణ్ణి. ఆ ధీమా నాకు ఏ యేడూ కలగలేదు. 1966లో న్యూయార్క్ మెట్స్ మొదటి వంతులో స్టీవ్ చిల్కాట్‌ను కోరుకున్నారు. అతను పెద్ద లీగు చూడనేలేదు. రెండవ వంతులో పోయినవాడు రెజీ జాక్సన్, బేస్‌బాల్ చరిత్రలో దిగ్గజం. 1988లో డాడ్జర్స్ మైక్ పియాజాను అరవై రెండవ రౌండులో, 1390వ పేరుగా తీసుకున్నారు. అదీ ప్రతిభ చూచి కాదు. జట్టు మేనేజరు టామీ లసోర్డాకు ఆ కుర్రవాడి తండ్రి స్నేహితుడు. ఉత్త సిఫార్సు! ఆ సిఫార్సు మనిషే 2016లో ఆటకు కీర్తిమందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. సిఫార్సులను నేను సమర్థిస్తున్నానని మా ప్రిన్సిపాలుగారు అపార్థం చేసుకోకుందురుగాక.

మన పేరున్న కుర్రవాడు కూడా ఈ తిరగలిలో పడ్డాడు. కుమార్ రాకర్. తల్లి లలితగారు భారతీయ సంతతి. 2019లో కాలేజీ పోటీల్లో డ్యూక్ జట్టుకు ఒక్క హిట్టు కూడా ఇవ్వకుండా, పందొమ్మిదిమందిని స్ట్రైకవుట్ చేశాడు. 2021లో మెట్స్ పదవ వంతులో తీసుకొని, వైద్యపరీక్ష తరువాత చేయి ముడుచుకున్నారు. ఏడాదిపాటు ఎక్కడాలేనివాడై చిన్న జట్టులో ఆడాడు. 2022లో టెక్సస్ రేంజర్స్ మూడవ వంతులోనే తీసుకొని 52 లక్షలిచ్చారు. మోచేతికి శస్త్రచికిత్స అయినా నిలదొక్కుకొని, 2024 సెప్టెంబరులో పెద్ద లీగు మైదానంలో అడుగుపెట్టాడు. పదిమంది కాదన్నదాన్ని ఒకడు ఔనంటే చాలునన్నమాట.

ఆట పెద్దలకూ ఆలస్యంగా కనువిప్పు కలిగింది. 2023 డ్రాఫ్ట్ నుంచి మొదటి ఆరు వంతులకూ లాటరీ పెట్టారు. అందరికంటె అధమంగా ఆడిన మూడు జట్లకూ సమానమైన అవకాశమే, నూటికి 16.5 చొప్పున. అందరికంటె ఎక్కువ ఓడితే తప్పక దక్కుతుందన్న ధీమా పోయింది. డబ్బున్న ఊళ్ళ జట్లు ఏటేటా లాటరీలో కూచోరాదని కూడా కట్టడి చేశారు. 2024లో చికాగో వైట్ సాక్స్ 121 ఆటలు ఓడి ఆధునిక కాలానికంతటికీ రికార్డు స్థాపించారు. 2025 డ్రాఫ్టులో వారికి దక్కిన వంతు పదవది! తెల్లవారుజామున ఆ వార్త చదివి నేను ఒక్కణ్ణే పకపకా నవ్వితే మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూచింది.

నన్నడిగితే ఇంకో అడుగు వేయాలి. ఆశలు పోయిన జట్లలో సీజను చివరి రెండు నెలల్లో ఎక్కువ గెలిచినవారికి మంచి వంతు ఇవ్వండి. అప్పుడు ఆఖరు బల్లవాడు కూడా పుస్తకం తెరుస్తాడు, చూడవచ్చినవాడి టిక్కెట్టూ దండుగ కాదు.

ఆస్ట్రోస్ గెలుపుకూ మచ్చ మిగిలింది. 2017లో ఎదుటివారి సంకేతాలను కెమెరాతో పట్టి, చెత్తడబ్బా మీద దరువు వేసి తమ బ్యాటర్లకు అందించారని 2020 జనవరిలో తేలింది. యాభై లక్షల డాలర్ల జుర్మానా పడింది. లూనో గారూ, మేనేజరు హించ్ గారూ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. శిక్షలో మరో భాగం ఏమిటంటారు? రెండేళ్ళపాటు మొదటి రెండు రౌండుల డ్రాఫ్టు వంతులూ రద్దు. ఆ పెద్దలకు ఏది ప్రాణమో తెలిసి కొట్టారు.

ఆపెల్ కథ అక్కడితో ఆగలేదు. 2018లో ఆట మానుకొని ఇంటికి పోయాడు. మూడేళ్ళ తరువాత తిరిగి వచ్చి చిన్న జట్లలో మళ్ళీ మొదలుపెట్టాడు. 2022 జూన్ 29న, ముప్ఫై యేళ్ళ వయసులో, మొదటి వంతున పేరు పిలిపించుకున్న తొమ్మిదేళ్ళకు, ఫిలడెల్ఫియా తరఫున పెద్ద లీగులో మొదటిసారి బంతి అందుకున్నాడు. తొమ్మిదవ ఇన్నింగ్స్ అతనిది. ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఆట మాత్రం అట్లాంటావారు 4-1తో గెలిచారు.