ముట్టుకుంటేనే వచ్చే భాష



చూపు లేని పిల్లకు మాట వినిపిస్తుంది. వినికిడి లేని పిల్లకు సైగ కనిపిస్తుంది. రెండూ లేని పిల్ల దగ్గరికి భాష వెళ్ళాలంటే మిగిలింది ఒకే దారి, చర్మం. అమ్మ చెయ్యో టీచర్ చెయ్యో పక్కింటి పిల్లల చెయ్యో తన చేతికి తగిలితేనే ఆ పిల్లకు ఇంకో మనిషి ఉన్నట్టు తెలుస్తుంది. ముట్టుకోవడం ఆగిన నిమిషం మాట కూడా ఆగిపోతుంది.

ఇప్పుడు మన దేశం సంగతి చూడండి. మనిషిని మనిషి ముట్టుకోకూడదని శాస్త్రాలు రాసుకున్న దేశం. స్పర్శ చుట్టూ మన తెలుగు పోగేసిన మాటలే చాలు: అంటు, ముట్టు, మైల, ఎంగిలి. ఇలాంటి చోట, వాడలో పుట్టిన డెఫ్‌బ్లైండ్ పిల్లకు భాష నేర్పే చెయ్యి ఎవరిది? ఈ వారం నా ప్రశ్న ఇదే.

ఈ విషయం ఎత్తగానే అందరూ హెలెన్ కెల్లర్ పేరు చెబుతారు. 1887 ఏప్రిల్ 5, అమెరికాలోని అలబామా రాష్ట్రం, టస్కంబియా. పంపు కింద ఒక చేతి మీద నీళ్ళు పడుతుంటే, రెండో చేతిలో టీచర్ ఆన్ సలివాన్ వేళ్ళతో ‘వాటర్’ అని ఒక్కో అక్షరం రాసింది. ఆరేళ్ళ పిల్లకు మాట దొరికింది. అద్భుతం అన్నారు. నా పేచీ ఆ ‘అద్భుతం’తోనే. అద్భుతానికి బడ్జెట్ అక్కర్లేదు, టీచర్ పోస్టు అక్కర్లేదు. దేవుడి ఖాతాలో రాసేస్తే సరిపోతుంది.

ఆ కథలో మనకు సరిగా చెప్పని మనుషులు ఇద్దరున్నారు.

ఒకరు మార్తా వాషింగ్టన్. హెలెన్ ఇంట్లో వంటచేసే నల్లజాతి స్త్రీ కూతురు, హెలెన్ కంటే రెండు మూడేళ్ళు పెద్దది. సలివాన్ రాకముందే హెలెన్ దాదాపు 60 సైగలు సొంతంగా తయారు చేసుకుంది. ఆ సైగలు చదవగలిగిన తోడు మార్తా. గడ్డిలో గినీ కోడి గుడ్లు వెతుకుదాం అనడానికి హెలెన్ రెండు చేతులూ గుండ్రంగా ముడిచి నేలకు ఆనించేది. మార్తాకు అర్థమయ్యేది. ఇద్దరూ కలిసి వంటగదిలో పిండి పిసికారు, కోళ్ళకు మేత వేశారు. తనతో కొట్లాట ఎందుకని మార్తా లొంగి ఉండేదని హెలెన్ 1903లో వచ్చిన తన ఆత్మకథలో దాచకుండా రాసింది. బానిసత్వం రద్దయి అప్పటికి ఇరవై ఏళ్ళు. హెలెన్ తండ్రి, బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యంలో కెప్టెన్‌గా చేసినవాడు. ఆత్మకథలో హెలెన్ చిన్ననాటి నేస్తాలు ఒకే వాక్యంలో వస్తారు: ఒకరు మార్తా, రెండోది బెల్ అనే కుక్క.

టీచర్ కంటే ముందే ఆ పిల్లతో మాట్లాడిన చేతులు పనిమనిషి కూతురివి. చరిత్ర మాత్రం పంపు దగ్గర మొదలవుతుంది, వంటగదిలో మొదలవదు. మన ఊళ్ళల్లో పురుళ్ళు పోసిన మంత్రసానుల పేర్లు ఏ వంశచరిత్రలోనైనా చూశారా? ఇదీ అంతే. ఒక్కటి మాత్రం చెప్పాలి. 1916లో హెలెన్ నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీకి 100 డాలర్లు పంపి, తన దక్షిణాది చేస్తున్న అన్యాయాన్ని ఖండిస్తూ ఉత్తరం రాసింది. సొంతవాళ్ళ కోపానికి వెరవలేదు.

రెండో మనిషి సలివానే. పేరు అందరికీ తెలుసు, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పరు. ఐర్లండ్ నుంచి వలస వచ్చిన నిరుపేదల బిడ్డ. ట్రకోమాతో చూపు దెబ్బతింది. 1876లో తమ్ముడితో పాటు టూక్స్‌బరీలో దిక్కులేనివాళ్ళను ఉంచే ఆశ్రమంలో చేర్చారు. కొన్ని నెలలకే తమ్ముడు చనిపోయాడు. 14 ఏళ్ళ వయసులో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలకు చేరేదాకా ఆమెకు చదువు లేదు. అక్కడే వేళ్ళ అక్షరాలు నేర్చుకుంది, లారా బ్రిడ్జ్‌మన్‌తో కబుర్లాడటానికి. లారా ఆ బడిలో 1837లోనే చదువు మొదలుపెట్టిన డెఫ్‌బ్లైండ్ స్త్రీ. అంటే హెలెన్ ‘అద్భుతం’ వెనక 50 ఏళ్ళ పద్ధతి ఉంది, ఒక సంస్థ ఉంది, టీచర్‌కు జీతం ఇవ్వగల ఇల్లు ఉంది, 1936లో సలివాన్ చనిపోయేదాకా సాగిన 49 ఏళ్ళ తోడు ఉంది.

సలివాన్ అసలు గొప్పతనం పంపు తర్వాతి రోజుల్లో ఉంది. హెలెన్ బంధువుల ఇంట్లో ఏడాదిన్నర కూడా నిండని పసిబిడ్డను ఆమె గమనించింది. ఆ బిడ్డకు మాట్లాడటం రాకపోయినా చెప్పింది అర్థమవుతోంది. అయితే హెలెన్ చేతిలోనూ అలాగే మాట్లాడాలి అనుకుంది. రోజుకిన్ని మాటలని పాఠం పెట్టడం మానేసి, పూర్తి వాక్యాలు చేతిలో రాస్తూ పోయింది. బట్టీ పట్టిస్తే భాష రాదు. పలకరిస్తూ ఉంటే వస్తుంది.

ఇవాళ ఈ పని ఇంకా తేటపడింది. అన్నం వేళకు పిల్ల చేతిలో చెంచా పెడతారు, స్నానం వేళకు తువ్వాలు. రోజూ అదే వస్తువు. కొన్నాళ్ళకు చెంచా తగలగానే అన్నం రాబోతోందని పిల్లకు తెలుస్తుంది. అప్పుడు ఆ చెంచా ఒక మాట అయినట్టే. ఆ వస్తువుల్ని అరల పెట్టెలో వరసగా పెడితే రోజంతా పిల్ల చేతికి అందుతుంది. నెదర్లాండ్స్‌లో యాన్ వాన్ డైక్, రుబెల్లా వల్ల చూపూ వినికిడీ దెబ్బతిన్న పిల్లలతో పనిచేస్తూ ఇలాంటి పద్ధతులను తీర్చిదిద్దాడు. ఎవరు వచ్చారో తెలియడానికి అమ్మకు గాజు, అన్నకు వాచీ గుర్తు.

ఇంకో సూత్రం ఉంది. పిల్ల చెయ్యి పట్టుకుని లాగకూడదు. మన చెయ్యి కింద ఉండాలి, పిల్ల చెయ్యి పైన ఉండాలి. ఆ చేతులే ఆ పిల్లకు కళ్ళు. ఎవరో వచ్చి మీ తల పట్టుకుని అటూ ఇటూ తిప్పితే మీరు పాఠం వింటారా? నాకు ఇది చదువు సూత్రం కంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఎప్పుడూ పైచెయ్యి తనదే కావాలనడమే కదా కులం. ఇక్కడ నేర్పేవాడి చెయ్యి కిందికి రాకపోతే చదువే మొదలవదు. గిడుగు రామమూర్తి సవర పిల్లలకు చదువు చెప్పాలనుకుని ముందు తానే సవర నేర్చుకున్నాడు. పిల్లల భాష దగ్గరికి టీచర్ వెళ్ళాలి. తెలుగు పాఠం చెప్పే నాలాంటివాళ్ళకు అంతకు మించిన పాఠం లేదు.

ఇక లెక్కల్లోకి వద్దాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డెఫ్‌బ్లైండ్‌నెస్ ఉంది. చూపు లేనివాళ్ళకూ వినికిడి లేనివాళ్ళకూ రెండూ లేనివాళ్ళకూ తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలని అందులో 16వ సెక్షన్ అంటుంది. 2011 జనాభా లెక్కల్లో మాత్రం వీళ్ళకు విడిగా గడి లేదు, ‘బహుళ వైకల్యం’లో కలిపేశారు. అవే లెక్కల్లో మొత్తం జనాభాలో వికలాంగులు 2.21 శాతమైతే, ఎస్సీల్లో 2.45 శాతం. తేడా ఎందుకో ఊహించడం కష్టం కాదు. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డ కళ్ళు, చెవులు, గుండె దెబ్బతినొచ్చు. ఆ టీకా జాతీయ కార్యక్రమంలోకి 2017లో గానీ రావడం మొదలవలేదు. డబ్బున్న ఇళ్ళ పిల్లలకు ప్రైవేటులో అంతకు ఎంతో ముందే దొరికింది. 2005లో ‘బ్లాక్’ సినిమా చూపించిందీ బంగళాలో పిల్ల కథే. పూరిగుడిసెలో పిల్ల దగ్గరికి కెమెరా వెళ్ళలేదు, టీచరూ వెళ్ళలేదు.

మన రెండు రాష్ట్రాల్లో మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వాటిని నడిపిన రిసోర్స్ టీచర్లలో ఏళ్ళ తరబడి కాంట్రాక్టు జీతం మీద నెట్టుకొచ్చినవాళ్ళే ఎక్కువ. కూలికి వెళ్తేనే పూట గడిచే తల్లి, బిడ్డ చేతిలో రోజంతా తన చెయ్యి పెట్టి కూర్చోలేదు. అది ఆమె ప్రేమ తక్కువై కాదు. ఒక్క పిల్లకు ఒక టీచరా, అంత ఖర్చా అంటారు. కెల్లర్ ఇంట్లో ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. పిల్ల ఎవరింట్లో పుట్టిందన్నదాన్ని బట్టే అది పెట్టుబడా ఖర్చా అని తేలుతుంది.

మన ఉద్యమాలకూ ఒక మాట. ‘చెవిటి సర్కారు’, ‘గుడ్డి పాలకులు’ అని మనమే నినాదాలిస్తాం. చెవిటివాని ముందు శంఖం అని సామెత వాడతాం. కులం పేర్లతో తిట్లు పుట్టించిన సామెతల కట్టలోనే ఇవీ ఉన్నాయి. పాలకులకు అన్నీ వినిపిస్తాయి, అన్నీ కనిపిస్తాయి. వాళ్ళకు లేనిది లెక్కచేసే మనసు. ఆ నేరాన్ని తీసుకెళ్ళి ఒక పిల్ల కళ్ళకూ చెవులకూ అంటగట్టకండి.

అడగాల్సినవి మూడు. వచ్చే జనాభా లెక్కల్లో డెఫ్‌బ్లైండ్ వాళ్ళను విడిగా, కులంతో సహా లెక్కపెట్టాలి. భవిత టీచర్లందరినీ పర్మినెంట్ చేసి ఈ పనిలో శిక్షణ ఇవ్వాలి. తల్లో అక్కో వాడలో చదువుకున్న అమ్మాయో ఆ పిల్లకు తోడుగా ఉంటే దాన్ని పనిగా గుర్తించి జీతం ఇవ్వాలి. మార్తాలతో ఊరికే చాకిరీ చేయించుకున్న కాలం చాలు.

హెలెన్ నీళ్ళను ముట్టుకుని మాట నేర్చుకుంది. 40 ఏళ్ళ తర్వాత, 1927 మార్చి 20న, నీళ్ళను ముట్టుకునే హక్కు కోసమే బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువుకు వేలమందితో నడిచారు. స్పర్శ విలువ ఈ దేశంలో మనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అందుకే ఆ పిల్ల చేతి కింద ముందుగా చేరాల్సిన చెయ్యి మనది.

వచ్చే వారం తెలుగు సామెతల్లో వైకల్యం గురించి వివరంగా రాస్తాను.

జై భీమ్.